మానసిక అనారోగ్యంతో రోడ్డు మీద ఉన్న మనిషిని చికిత్సకు చేర్చడం ఎలా

బస్టాండ్లలో, రైల్వే స్టేషన్ల బయట, గుడి మెట్ల దగ్గర, ఫ్లైఓవర్ల కింద నెలల తరబడి ఒకే చోట కూర్చుని, తమలో తాము మాట్లాడుకుంటూ, ఎండా వానా పట్టని స్థితిలో ఉన్నవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వారికి అన్నం పొట్లం ఇచ్చేవారు, చలికాలంలో దుప్పటి కప్పేవారు కూడా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఆ మనిషిని వైద్యుని దాకా తీసుకువెళ్లడం ఎవరి బాధ్యత, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కాగితం అడగాలి అన్నది తెలియక చాలామంది అన్నం పొట్లం దగ్గరే ఆగిపోతున్నారు. వార్డు సచివాలయ సిబ్బందికి, పారా లీగల్ వాలంటీర్లకు, స్వచ్ఛంద సేవలో ఉన్నవారికి, ఏ హోదా లేకపోయినా ఆ మనిషిని పట్టించుకోవాలని అనుకునే మామూలు పౌరులకు ఆ దారి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా చట్టం సంగతి. 1912 నాటి బ్రిటిష్ కాలపు చట్టం, దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం ఇటువంటి వారిని పోలీసులు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి, ఆయన ఉత్తర్వు మీద మానసిక వైద్యశాలకు పంపే పద్ధతిని నడిపించాయి. 2018 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ క్రమాన్ని మార్చింది. దాని సెక్షన్ 100 ప్రకారం, మానసిక అనారోగ్యంతో తిరుగుతూ తన సంగతి తాను చూసుకోలేని వ్యక్తిని రక్షణలోకి తీసుకోవడం ఆ పరిధిలోని స్టేషన్ హౌస్ ఆఫీసరు విధి. అలా తీసుకున్న వ్యక్తిని ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ దశలో కోర్టు ఉత్తర్వు అవసరం లేదు. అయినా పాత పద్ధతికి అలవాటు పడిన స్టేషన్లలోనూ ఆసుపత్రుల్లోనూ "జడ్జిగారి ఆర్డర్ తెచ్చారా" అనే ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంది కనుక, సెక్షన్ 100 ప్రతిని ముద్రించి వెంట ఉంచుకోవడం మంచిది.

చట్టం దారి వేసి ఉంచింది. మనిషి జారిపోయేది చేతులు మారే చోట్ల: పోలీసుల నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఆశ్రయానికి, ఆశ్రయం నుంచి ఇంటికి. ఎవరి వంతు వారు చేసి పక్కకు తప్పుకుంటే, చేతులు మారే ప్రతి చోటా ఆ మనిషి తిరిగి రోడ్డు మీద పడే అవకాశం ఉంటుంది. అందుకే ఈ పని మొదలుపెట్టేవారు చివరిదాకా వెంట ఉండే ఒక వ్యక్తిని ముందే నిర్ణయించుకోవాలి. ఆ వ్యక్తి దగ్గర ఒక ఫైలు ఉండాలి. ఇచ్చిన ప్రతి అర్జీకి నకలు, పుచ్చుకున్న ప్రతి చీటీ అందులో చేరాలి.

దగ్గరకు వెళ్లే ముందు, వెళ్లాక

రోడ్డు మీద అయోమయంగా కనిపించే ప్రతి మనిషికీ మానసిక రోగం ఉందని అనుకోకూడదు. తలకు దెబ్బ తగిలినవారు, తీవ్ర జ్వరంతో ఉన్నవారు, షుగర్ పడిపోయినవారు, అప్పుడే మూర్ఛ వచ్చి తేరుకుంటున్నవారు, మద్యం హఠాత్తుగా మానేసిన రెండు మూడు రోజుల్లో వణుకుతూ లేనివి కనిపిస్తున్నాయని చెప్పేవారు సరిగ్గా అలాగే కనిపిస్తారు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రోజు ఒక్కసారిగా ఇలా అయ్యాడని చుట్టుపక్కలవారు చెబితే, మొదట పిలవవలసింది 108ని. మతిమరుపు జబ్బుతో ఇల్లు మరచిపోయిన వృద్ధులు ఉంటారు. పుట్టుకతో వినికిడి లేనివారు, మన భాష రానివారు కూడా ఉంటారు. విజయవాడ, సికింద్రాబాద్, విశాఖపట్నం వంటి పెద్ద స్టేషన్లలో దిగి, డబ్బూ ఫోనూ పోగొట్టుకుని, ఒడియాలోనో బెంగాలీలోనో హిందీలోనో చెప్పుకున్నది ఎవరికీ అర్థంకాక "పిచ్చివాడు" అనిపించుకునే వలస కూలీ విషయంలో కావలసింది వైద్యుడు కాదు, ఆ భాష తెలిసిన మనిషి.

వెనుక నుంచి కాకుండా ఎదురుగా, నెమ్మదిగా వెళ్లాలి. నిలబడి కిందికి చూస్తూ మాట్లాడకుండా, రెండు చేతుల దూరంలో నేల మీదే కూర్చోవాలి. సీలు తీయని నీళ్ల సీసా ఇవ్వాలి. విషం కలిపారేమోనన్న అనుమానం ఈ జబ్బుల్లో తరచుగా ఉంటుంది, మూత తమ చేతులతో తీసుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. "మీరు" అనే సంబోధించాలి. మొదటి మాటగా పేరు, ఊరు అడగవద్దు. అన్నం తిన్నారా అనో, కాలికి ఆ దెబ్బ ఎలా తగిలిందనో అడగాలి. తనకు వినిపిస్తున్న గొంతులు లేవని వాదించకూడదు, ఉన్నాయని ఒప్పుకోనూ కూడదు. అవి వినిపిస్తుంటే భయంగా ఉందా అని అడగవచ్చు. పక్కనున్న మూటను మాత్రం ముట్టుకోవద్దు. చింకి గుడ్డలు, ప్లాస్టిక్ సీసాలు, పాత కాగితాలుగా మనకు కనిపించే ఆ మూటే ఆ మనిషి ఆస్తి. అందులో ఒక్కోసారి రేషన్ కార్డు ముక్క, ఫోన్ నంబరు రాసిన చీటీ, పిల్లల ఫొటో కూడా ఉంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనిషిని పట్టుకుని గుండు కొట్టించి, గొట్టంతో నీళ్లు పోసి, కొత్త చొక్కా తొడిగి ఆ వీడియోను ఫోన్లలో తిప్పడం సేవ కాదు. చికిత్సాలయాల్లో ఉన్నవారికి బలవంతంగా గుండు చేయకూడదని 2017 చట్టం ప్రత్యేకంగా చెప్పింది. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను, వివరాలను అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదనీ చెప్పింది. చట్టం లోపల ఉన్నవారికి ఇచ్చిన మర్యాద రోడ్డు మీద ఉన్నవారికి మాత్రం ఎందుకు ఉండకూడదు? ఫొటో అవసరమే, కానీ అది పోలీసు రికార్డు కోసం. కుటుంబం గుర్తుపట్టాలంటే జుట్టూ గడ్డమూ తీయకముందు ఒకటి, తర్వాత ఒకటి ఉండటం మేలు.

వెంటనే ప్రాణాపాయం లేకపోతే తొందరపడనక్కరలేదు. రోజూ ఒకే సమయానికి ఒకే మనిషి వెళ్లి కాసేపు కూర్చుంటే, ఆసుపత్రికి వెళదామన్న మాటకు బలవంతం లేకుండానే ఒప్పుకునేవారు ఉంటారు. అలా ఒప్పుకుంటే పోలీసుల అవసరమే ఉండదు. వాహనాలకు అడ్డంగా వెళుతున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా, పుండ్లకు పురుగులు పట్టినా, రోజుల తరబడి తిండీ నీళ్లూ ముట్టకపోయినా మాత్రం ఆగకూడదు. 112కు ఫోన్ చేయాలి.

పోలీస్ స్టేషన్‌లో

ఫోన్ చేసినా సరే, రాతపూర్వకమైన అర్జీ ఇవ్వాలి. ఆ మనిషి ఉన్న చోటు, ఎంతకాలంగా అక్కడ ఉన్నారు, మీరు స్వయంగా చూసినది ఏమిటి, ఒంటి మీద గాయాలు, అంచనా వయసు, మాట్లాడే భాష, పచ్చబొట్లు, పుట్టుమచ్చల వంటి గుర్తులు రాయాలి. "పిచ్చి", "ఉన్మాది" వంటి మాటలు రాయవద్దు. జబ్బు పేరు తేల్చేది వైద్యుడు. "మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 100 ప్రకారం రక్షణలోకి తీసుకుని వైద్య పరీక్షకు పంపవలసిందిగా కోరుతున్నాను" అని స్పష్టంగా ఉండాలి. నకలు మీద స్టేషన్ ముద్ర, తేదీ, సమయం వేయించుకోవాలి; 24 గంటల లెక్కకు రక్షణలోకి తీసుకున్న సమయం ముఖ్యం కనుక దాన్నీ అడిగి రాసుకోవాలి.

రక్షణలోకి తీసుకోవడం అరెస్టు కాదు. ఏ కారణంతో తీసుకువెళుతున్నారో ఆ వ్యక్తికి చెప్పాలి. లాకప్పులో గానీ జైలులో గానీ ఏ పరిస్థితిలోనూ ఉంచకూడదు. స్త్రీ అయితే మహిళా పోలీసులు రావాలని పట్టుబట్టాలి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కూ చెప్పాలి; వెంట బిడ్డ ఉంటే 1098కి చెప్పాలి. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలు పరిస్థితుల్లో వేరు చేయకూడదని చట్టం చెబుతున్నది, ఈ సంగతి చాలామంది అధికారులకు తెలియదు.

స్టేషన్‌లో అర్జీ తీసుకోకపోతే అక్కడ గొడవ పడటం వల్ల ప్రయోజనం లేదు. అదే అర్జీని ఎస్పీకి లేదా కమిషనరేటులో డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. దానికి 15100 నంబరు ఉంది. న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి జ్యుడీషియల్ అధికారి కనుక, అక్కడి నుంచి వచ్చిన ఉత్తరానికి స్టేషన్‌లో ఉండే విలువ వేరు. మేజిస్ట్రేటు దారి కూడా పూర్తిగా మూసుకుపోలేదు: ఆయన ముందుకు తెచ్చిన వ్యక్తిని పరీక్ష కోసం పది రోజులు మించకుండా మానసిక చికిత్సాలయంలో చేర్చమని సెక్షన్ 102 కింద ఆదేశించవచ్చు.

ఆసుపత్రిలో

తీసుకువెళ్లవలసింది దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికే గాని, నేరుగా హైదరాబాద్ ఎర్రగడ్డలోనో విశాఖపట్నం చినవాల్తేరులోనో ఉన్న మానసిక వైద్యశాలకు కాదు. మానసిక వైద్యుడు లేకపోయినా, ప్రాణాపాయం లేదా తీవ్ర హాని ముప్పు ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స ఇవ్వవచ్చునని సెక్షన్ 94 చెబుతున్నది. అందువల్ల "మా దగ్గర సైకియాట్రిస్టు లేరు, హైదరాబాద్ తీసుకుపొండి" అన్న మాటతో వెనుదిరగకూడదు. ముందు పరీక్ష, ప్రథమ చికిత్స, ఆ తర్వాత రాతపూర్వకమైన రిఫరల్, అంబులెన్సు అడగాలి.

క్యాజువాలిటీలో ఎదురయ్యే అడ్డంకులు సాధారణంగా మూడు. ఆధార్ లేదంటారు, గుర్తింపు లేని వ్యక్తిగా నమోదు చేయమని, స్టేషన్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని జతచేయమని చెప్పాలి. డబ్బు ఎవరు కడతారంటారు. నిరాశ్రయులకు, తెల్ల కార్డు ఉన్నా లేకపోయినా పేదలకు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక చికిత్స పూర్తిగా ఉచితమని సెక్షన్ 18లోనే ఉంది. అటెండర్ ఎవరంటారు, ఇది కొంచెం చిక్కు ప్రశ్న. చట్టం ప్రకారం రోగి తరఫున నిలబడే నామినీ ప్రతినిధి ఉండాలి. బంధువులు లేనప్పుడు, ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు తగిన వ్యక్తిని నియమిస్తుంది, ఎవరూ దొరకకపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు లేదా ఆయన పంపిన అధికారి ఆ బాధ్యత వహించాలి. ఆ నియామకం జరిగేలోపు, ఈ రంగంలో పనిచేసే రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధిని ఆసుపత్రి తాత్కాలికంగా తీసుకోవచ్చు. కనుక ఊళ్లో ఇటువంటి పని చేయదలచినవారు ఒక రిజిస్టరైన సంస్థతో ముందే మాట్లాడి పెట్టుకుంటే, అర్ధరాత్రి క్యాజువాలిటీ ముందు నిలబడినప్పుడు చాలా తేలికవుతుంది.

చేర్చుకోవడం రోగి ఇష్టానికి వ్యతిరేకంగా జరిగితే, మానసిక వైద్యుడితో సహా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, గడువు 30 రోజులు మించకూడదు. ఆ సంగతిని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఏడు రోజుల్లో, స్త్రీలూ మైనర్ల విషయంలో మూడు రోజుల్లో తెలియజేయాలి. బోర్డుకు తెలియజేశారా అని మర్యాదగా అడగడం వెంట ఉన్నవారి పని. సంకెళ్లు ఏ రూపంలోనూ నిషిద్ధం.

మానసిక జబ్బు కనిపించగానే ఒంటి జబ్బును మరచిపోవడం ఆసుపత్రుల్లో తరచుగా జరుగుతుంది. రక్తహీనత, షుగర్, క్షయ, థైరాయిడ్, కాలి పుండ్లు చూడమని అడగాలి. స్త్రీ అయితే ఏకాంతంగా, మహిళా వైద్యురాలి చేత గర్భ పరీక్ష, లైంగిక దాడి జరిగిందేమోనన్న పరిశీలన చేయించాలి. మూటను వార్డు సిబ్బందికి అప్పగించేటప్పుడు అందులోని వస్తువులన్నీ కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. మూట చెత్తలోకి పోయిందని తెలిసిన రోజున ఆ మనిషికి మన మీద ఏర్పడిన కొద్దిపాటి నమ్మకం కూడా పోతుంది.

చేర్చుకోనక్కరలేదని చెబితే

ఇదే అన్నిటికన్నా బలహీనమైన చోటు. చేర్చవలసినంత తీవ్రత లేదని వైద్యుడు తేల్చితే, ఇల్లు లేని వ్యక్తిని ప్రభుత్వ ఆశ్రయానికి చేర్చవలసింది తీసుకువచ్చిన పోలీసులే. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, అదీ ఏడాది పొడవునా తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టణాల్లోని వసతి గృహాలను ఎక్కువగా పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) చూస్తుంది. కానీ ఒక వాచ్‌మన్, కొన్ని మంచాలు, రాత్రి భోజనం ఉన్న వసతి గృహం మానసిక అనారోగ్యం ఉన్నవారిని ఎన్ని రోజులు నిలుపుకోగలదు? మందు వేసే మనిషి, వారానికొకసారి వచ్చే నర్సు లేకపోతే మూడో రోజుకే ఆ వ్యక్తి బయటికి నడుస్తాడు. ఆశ్రయమూ చికిత్సా ఒకే కప్పు కింద ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. చెన్నైలో 1993లో మొదలైన బానియన్ సంస్థ నిరాశ్రయులైన స్త్రీలతో చేసిన పని, తమిళనాడు ప్రభుత్వం జిల్లాల్లో నెలకొల్పిన అత్యవసర సంరక్షణ కేంద్రాలు అది సాధ్యమేనని చూపించాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఊడ్చివేత. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్ వీధుల నుంచి బిచ్చగాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అటువంటి తరలింపుల్లో మానసిక రోగులు, వృద్ధులు, వలస కూలీలు అందరూ ఒకే లెక్కలో కలిసిపోతారు. సెక్షన్ 100 అడిగేది ఒక్కొక్క మనిషికి విడిగా వైద్య పరీక్ష.

ప్రైవేటు ఆశ్రమానికి పంపమని సలహా ఇస్తే, సెక్షన్ 65 కింద రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం చూపమని అడగాలి, లోపలి గదులు చూడాలి, వైద్యుడు ఏ రోజుల్లో వస్తాడో కనుక్కోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. లోపలికి రానివ్వని ఆశ్రమంలో ఎవరినీ అప్పగించవద్దు.

ఊరు, ఇల్లు కనుక్కోవడం

నిరాశ్రయులైన మానసిక రోగి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుదేనని అదే సెక్షన్ 100 చెబుతున్నది. ఆ ఎఫ్‌ఐఆర్ నంబరు మీ ఫైలులో ఉండాలి. ఆధార్ నమోదుకు వేలిముద్రలు ఇచ్చినప్పుడు పాత నమోదు బయటపడి ఊరు తెలిసిన సందర్భాలు దేశంలో అనేకం ఉన్నాయి కనుక, మనిషి కాస్త కుదుటపడ్డాక ఆ ప్రయత్నమూ చేయించాలి.

మందులు పని చేయడానికి వారాలు పడుతుంది. మొదటి వారంలో పదే పదే ఊరి పేరు అడిగితే నోటికొచ్చిన పేరు వస్తుంది. జిల్లా, మండలం అని అడగడం కంటే, మీ ఊళ్లో జాతర ఏ అమ్మవారికి, సంత ఏ వారం, సినిమాకు ఏ ఊరు వెళ్లేవారు, చెరువులో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అని అడిగితే మేలు. పైడితల్లి పేరు వస్తే విజయనగరం వైపు, తలుపులమ్మ లోవ అంటే తుని వైపు, సమ్మక్క గద్దెల సంగతి వస్తే ములుగు వైపు వెతకడం మొదలుపెట్టవచ్చు. యాస తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెడితే పది నిమిషాల్లో తేలిపోయే సంగతులు ఉంటాయి.

ఇల్లు దొరికిందని వెంటనే బస్సు ఎక్కించకూడదు. ఇంట్లో దెబ్బలు తట్టుకోలేకనో, ఆస్తి తగాదాలోనో బయటికి వచ్చినవారు ఉంటారు. తిరిగి వెళ్లాలని ఉందా అన్నది ముందు ఆ మనిషినే అడగాలి. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో చికిత్సాలయంలోనే ఉంచేయకూడదని, సమాజంలో జీవించే హక్కు ఉందని సెక్షన్ 19 చెబుతున్నది. అటువంటి వారికి హాఫ్‌వే హోములు (ఆసుపత్రి నుంచి వచ్చాక సొంతంగా బతకగలిగేదాకా ఉండే వసతి), గ్రూపు హోములు ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత.

ఇంటికి చేరాక చికిత్స ఆగకుండా ఉండాలంటే డిశ్చార్జి సమ్మరీ, కనీసం నెల రోజుల మందులు, సొంత జిల్లాలో మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యుడు కూర్చునే ఆసుపత్రి పేరు, ఓపీ రోజు కాగితం మీద రాసి ఇవ్వాలి. రోజూ మాత్ర వేసుకోవడం కష్టమైనవారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, వాటి గురించి వైద్యుడిని అడగాలి. బాగయ్యిందని మందు మానేయడమే చాలామందిని తిరిగి రోడ్డు మీదికి తెస్తుంది. ఈ మాట కుటుంబానికి ఒకటికి రెండుసార్లు చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక అనారోగ్యం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యంగా గుర్తింపు పొందినది కనుక వైకల్య (సదరం) ధ్రువపత్రానికి దరఖాస్తు చేయించాలి. దివ్యాంగుల పింఛను 2023 జూలైలో తెలంగాణలో 4,016 రూపాయలకు, 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలకు పెరిగింది. ఆ మొత్తం చేతికి వచ్చే మనిషికి ఇంట్లో దొరికే చోటు కూడా మారుతుంది.

ఊరు మొత్తానికి

ఒక మనిషిని చేర్చిన అనుభవం ఉన్నవారు ఆ తర్వాత అధికారులను అడగవలసింది పెద్ద పథకం కాదు. పోలీస్ సబ్ డివిజన్, ప్రభుత్వ ఆసుపత్రి, మున్సిపాలిటీ, న్యాయ సేవాధికార సంస్థ నాలుగూ ఒక గదిలో కూర్చుని, రాత్రి పదింటికి ఒక మనిషి దొరికితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేజీలో రాసుకోవాలి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో ఇదే కోరవచ్చు. దానికి ముందు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తులు వేస్తే మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది: గత సంవత్సరం సెక్షన్ 100 కింద ఎంతమందిని రక్షణలోకి తీసుకున్నారని ఎస్పీ కార్యాలయాన్ని, వారిలో ఎంతమందిని చేర్చుకున్నారని ఆసుపత్రిని, వసతి గృహంలో స్త్రీలకు ఎన్ని పడకలు ఉన్నాయని మున్సిపాలిటీని, జిల్లా సమీక్షా బోర్డు ఎన్నిసార్లు సమావేశమైందని రాష్ట్ర మానసిక ఆరోగ్య సాధికార సంస్థను అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. సమాధానం "సున్నా" అని వస్తే, లేదా అసలు రాకపోతే, ఆ కాగితాన్నే జతచేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు.